ఏజెన్సీ ఊరికి నర్సమ్మ: చదువుకూ కొలువుకూ నిధులు సమకూర్చే విధానం

ఊరి పూర్వ విద్యార్థుల సంఘాలు, చిన్న ట్రస్టులు, విదేశాల్లో స్థిరపడిన తెలుగువారు, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) విభాగాలు గ్రామీణ వైద్యసేవకు సాయం చేయాలనుకున్నప్పుడు మొట్టమొదట చేసే పని సాధారణంగా ఒకటే: చదువుకోవాలన్న ఆశ ఉండి స్తోమత లేని ఒక అమ్మాయిని చూసి నర్సింగ్ ఫీజు కట్టడం. మూడేళ్లు గడిచాక ఆ అమ్మాయి హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ప్రైవేటు ఆసుపత్రిలో చేరుతుంది. ఆమె కుటుంబం నిలదొక్కుకుంటుంది, అది సంతోషించదగ్గ విషయమే. కానీ ఊరి సబ్‌సెంటర్ (ఆరోగ్య ఉపకేంద్రం) తాళం మాత్రం అలాగే వేలాడుతూ ఉంటుంది. ఇందులో ఆమెను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆమె కోసం ఆ మండలంలో ఒక కొలువు ఉందా, దాన్ని ఎవరు, ఎప్పుడు భర్తీ చేస్తారు, అంతవరకు ఆమె దేనిమీద బతకాలి అన్న ప్రశ్నలు ఫీజు కట్టినవారు వేసుకోలేదు.

కాబట్టి ఈ పనికి డబ్బు కూర్చేవారు కొలువు దగ్గర మొదలుపెట్టి చదువు వైపు వెనక్కి లెక్క వేసుకోవాలన్నది నా అభిప్రాయం. కింద రాసినదంతా ఇంచుమించు ఆ వరుసలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని గిరిజన ప్రాంతాలను, ప్రధానంగా ఏఎన్‌ఎం (సహాయక నర్సు), జీఎన్‌ఎం (డిప్లొమా చదివిన నర్సు) స్థాయి సిబ్బందిని దృష్టిలో పెట్టుకుని రాశాను. వైద్యుల నియామకం వేరే లెక్క, దాని జోలికి పోలేదు.

ముందు ఖాళీ తెలుసుకోవాలి

జాతీయ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఈ సంఖ్యలు వరుసగా 30,000, 20,000. మీరు ఎంచుకున్న మండలంలో ఈ లెక్కన ఎన్ని కేంద్రాలు ఉండాలి, ఎన్ని ఉన్నాయి, మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవారెందరు అన్న వివరాలు జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి కార్యాలయంలో ఉంటాయి. అక్కడ నోటిమాటగా చెప్పిన సంఖ్యతో సరిపెట్టుకోకండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. దరఖాస్తులో కేంద్రాల వారీగా, పోస్టుల వారీగా అడగాలి. రెగ్యులరా, కాంట్రాక్టా, ఔట్‌సోర్సింగా అన్నది విడదీసి చెప్పమనాలి. డిప్యుటేషన్‌పై వేరేచోట పనిచేస్తున్నవారి వివరాలు కూడా తప్పనిసరిగా కోరాలి. ఈ చివరి ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. కాగితం మీద భర్తీ అయినట్టు కనిపించే పోస్టులోని మనిషి డిప్యుటేషన్ మీద జిల్లా కేంద్రంలో ఉంటే ఆ ఊరికి నర్సు లేనట్టే, మీరు చదివించబోయే అమ్మాయికి అక్కడ ఖాళీ కూడా లేనట్టే.

ఖాళీ లేకపోతే కొత్త పోస్టు అడగాలి, దానికి దారి వేరు. జాతీయ ఆరోగ్య మిషన్ కింద రాష్ట్రం కేంద్రానికి పంపే కార్యాచరణ ప్రణాళికలో ఆ పోస్టు చేరాలి. ఈ ప్రణాళికను 2022-24 నుంచి రెండేళ్లకోసారి తయారు చేస్తున్నారు. మన రాష్ట్రాల్లో ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరిస్తాయి. జిల్లాలో ప్రణాళిక రాసే సమయానికే గ్రామసభ తీర్మానం, పల్లెల వారీ జనాభా, రోడ్డు లేని దూరాలు జతచేసిన వినతి జిల్లా వైద్యాధికారికీ, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారికీ చేరి ఉండాలి. ఆమోదం వచ్చేసిన తర్వాత ఇచ్చిన వినతి తర్వాతి విడత దాకా ఫైల్లోనే ఉంటుంది.

ఎవరిని చదివించాలి

మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసిన పని ఇదే, దాతలు అన్నిటికంటే తక్కువ సమయం ఇచ్చే పని కూడా ఇదే. మారుమూల ప్రాంతాల్లో సిబ్బందిని నిలుపుకోవడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చి, 2021లో సవరించిన మార్గదర్శకాల్లో గ్రామీణ నేపథ్యం ఉన్న విద్యార్థులను చేర్చుకోవాలన్న సిఫారసు ముందు వరుసలో ఉంటుంది. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్ ఉత్తర భాగంలో ఇంగ్వావుమా అనే మారుమూల చోట మోస్వోల్డ్ ఆసుపత్రి కేంద్రంగా 1990ల చివర మొదలైన ఉపకారవేతన పథకం ఈ సూత్రం మీదే నడిచింది: విద్యార్థి ఆ ప్రాంతంవాడే అయి ఉండాలి, స్థానిక ఆసుపత్రే ఎంపిక చేయాలి, సెలవుల్లో అక్కడికే వచ్చి పనిచేయాలి, సాయం పొందిన ప్రతి ఏడాదికీ ఒక ఏడాది అక్కడ సేవ చేయాలి. మనకు దగ్గరలో తమిళనాడు ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలో 1993 నుంచి రెజీ జార్జ్, లలిత అనే వైద్య దంపతులు ఆ లోయలోని గిరిజన యువతులకే నర్సింగ్ పని నేర్పి ఆసుపత్రి నడుపుతున్నారు. అయితే సొంత ఆసుపత్రిలో ఇచ్చే శిక్షణ ఆ ఆసుపత్రికి ఎంత బాగా ఉపయోగపడినా, ప్రభుత్వ పోస్టుకు నర్సింగ్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు తప్పనిసరి అన్న తేడాను గుర్తుంచుకోవాలి.

స్థానికత ఒక్కటే చాలదు. ఇంటర్ అప్పుడే పూర్తిచేసిన పద్ధెనిమిదేళ్ల అమ్మాయి కోర్సు ముగిసేసరికి పెళ్లీడుకు వస్తుంది, పెళ్లయ్యాక భర్త ఊరికి వెళుతుంది. ఆ ఊరు వేరే జిల్లాలో ఉంటే మీ పథకం అక్కడితో ముగుస్తుంది. ఆశా కార్యకర్తల ఎంపిక మార్గదర్శకాల్లో ఆ ఊళ్లోనే స్థిరపడిన వివాహిత, వితంతువు లేదా విడాకులు పొందిన మహిళకు ప్రాధాన్యం ఇవ్వమన్నది ఇందుకే. నర్సింగ్ చదువుకు వయసు 17 నుంచి 35 ఏళ్ల వరకు ఉండవచ్చు కాబట్టి ఊరి ఆడపడుచులతో పాటు ఊరి కోడళ్లనూ చూడండి. ఇంటర్ చదివి ఆశా కార్యకర్తగా పనిచేస్తున్న ఇరవై ఎనిమిదేళ్ల మహిళ నా దృష్టిలో అందరికంటే మంచి అభ్యర్థి. ఏ ఇంట్లో గర్భిణి ఉందో, ఏ పల్లెకు వాగు పొంగితే దారి ఉండదో, కోయ, కువి, సవర వంటి గిరిజన భాషల్లో ఎలా నచ్చజెప్పాలో ఆమెకు ఇదివరకే తెలుసు. పదో తరగతి దగ్గరే ఆగిపోయినవారైతే సార్వత్రిక పాఠశాల ద్వారా ఇంటర్ పూర్తి చేయించవచ్చు. అందుకయ్యే ఖర్చు చాలా తక్కువ, కానీ ప్రణాళికలో ఆ కాలాన్ని కలుపుకోవాలి.

ఇంటికి వెళ్లి మాట్లాడకుండా ఎవరినీ ఖరారు చేయకండి. వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న అత్తగారు అడిగే మొదటి ప్రశ్న ఫీజు గురించి ఉండదు. "చదివిస్తామంటున్నారు, బాగానే ఉంది బాబూ. మరి ఈ పిల్లోణ్ని అన్నేళ్లు ఎవరు సాకాలి?" అని అడుగుతుంది. ఆ వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: ఆశా కార్యకర్తగా నెలనెలా వచ్చే డబ్బు పోతే ఇల్లు ఎలా గడవాలి? ఆంధ్రప్రదేశ్‌లో ఆశా కార్యకర్తకు 2019 నుంచి నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం ఉంది. అది ఆ ఇంటికి చిన్న మొత్తం కాదు. ఈ రెండు ప్రశ్నలకూ మీ బడ్జెట్‌లో జవాబు ఉంటేనే ఎంపిక గురించి మాట్లాడాలి. అలాగే ఆమె చదువుకు వెళితే ఊళ్లో ఆశా స్థానం ఖాళీ అవుతుంది, గ్రామసభలో మరొకరిని ఎంపిక చేయించే బాధ్యత కూడా మీదేనని గుర్తించాలి.

కోర్సు, కళాశాల

ఏఎన్‌ఎం రెండేళ్లు, ఏ గ్రూపుతో ఇంటర్ చదివినా సరిపోతుంది. జీఎన్‌ఎం మూడేళ్లు, ఇంటర్‌లో కనీసం 40 శాతం మార్కులు ఉండాలి. కౌన్సిల్‌లో నమోదైన ఏఎన్‌ఎంలు కూడా జీఎన్‌ఎంలో చేరవచ్చు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. జీఎన్‌ఎం తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ కూడా ఉంది. ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పిలుస్తున్న ఉపకేంద్రాల్లో సామాజిక ఆరోగ్య అధికారి పోస్టుకు సామాజిక ఆరోగ్య పాఠ్యాంశం కలిసి ఉన్న బీఎస్సీ గాని, జీఎన్‌ఎంతో పాటు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు గాని అడుగుతారు. మీకు దొరికిన ఖాళీ ఏ పోస్టుదో దాన్నిబట్టి కోర్సు నిర్ణయించాలి గాని, సీటు దొరికిన కోర్సులో చేర్చి తర్వాత పోస్టు వెతకకూడదు.

కళాశాలను ఎంచుకునేటప్పుడు భవనాన్ని కాదు, ఆసుపత్రిని చూడండి. జీఎన్‌ఎం, బీఎస్సీ సంస్థలకు సాధారణంగా వంద పడకల మాతృ ఆసుపత్రి ఉండాలన్నది నిబంధన. సీనియర్ విద్యార్థినులతో మాట్లాడి, వారు స్వయంగా చేసిన కాన్పుల లాగ్‌బుక్ చూపమని అడగండి. ఏజెన్సీలో ఒంటరిగా పనిచేయబోయే మనిషికి మార్కుల జాబితా కంటే ఆ పుస్తకం ముఖ్యం. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఆ విద్యాసంవత్సరానికి ఉందో లేదో కౌన్సిల్ నుంచే నిర్ధారించుకోవాలి. ఇక తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు మొదటి ఏడాది ఇంగ్లిష్ పుస్తకాల ముందు డీలా పడిపోవడం, పరీక్ష తప్పడం, సిగ్గుపడి ఇంటికి తిరిగి వచ్చేయడం తరచుగా జరుగుతుంది. మొదటి ఆరు నెలలు సాయంత్రం ట్యూషన్ చెప్పించడానికి పెట్టే డబ్బు మొత్తం బడ్జెట్‌లో చాలా చిన్నది, ఫలితం మాత్రం అన్నిటికంటే పెద్దది.

అసలు ఖర్చు ఎంత

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇందులోని సంఖ్యలు లెక్క చూపడానికి అనుకున్నవే, మీ జిల్లా ధరలు మీరు కనుక్కోవాలి. జీఎన్‌ఎం ఫీజు ఏడాదికి 50,000 అనుకుంటే, హాస్టల్, మెస్ నెలకు 5,000 చొప్పున ఏడాదికి 60,000. పుస్తకాలు, యూనిఫాం, పరీక్ష రుసుములు, ట్యూషన్ కలిపి 15,000. ప్రయాణం, ఫోన్, మందులకు 10,000. ఏడాదికి 1,35,000 చొప్పున మూడేళ్లకు 4,05,000 రూపాయలు. ఇంటి దగ్గర పిల్లవాడి పోషణకు నెలకు 3,000 చొప్పున 36 నెలలకు 1,08,000. కోర్సు ముగిసిన రోజు నుంచి ఉద్యోగం వచ్చేదాకా గడిచే కాలానికి నెలకు 10,000 చొప్పున ఏడాదికి 1,20,000. ఆశా కార్యకర్తను చదివిస్తే ఆమె కోల్పోయే గౌరవ వేతనం దీనికి అదనం; అది కాక మొత్తం 6,33,000, ధరల పెరుగుదల, ఒక పరీక్ష మళ్లీ రాయవలసి రావడం వంటివాటికి పది శాతం కలిపితే 6,96,300. ఇందులో ఫీజు వాటా 1,50,000, అంటే ఐదో వంతుకు కాస్త ఎక్కువ. ఫీజు కట్టామని చెప్పుకునే పథకాలు మిగిలిన నాలుగు వంతులను ఆ కుటుంబం మీదకు నెట్టేస్తున్నాయన్నమాట. మధ్యలో చదువు మానేసేవాళ్లు అక్కడే మానేస్తారు.

పది మందిని చేర్చే డబ్బు ఉందనిపిస్తే ఏడుగురినే చేర్చండి. ఏడుగురిని కొలువుదాకా తీసుకురావడం పది మందిని సర్టిఫికెట్ దగ్గర వదిలేయడం కంటే ఊరికి మేలు.

డబ్బు ఎక్కడి నుంచి రావాలి

ప్రభుత్వం ఇప్పటికే ఇస్తున్నది ముందుగా వాడుకోవాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కేంద్ర పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనానికి కుటుంబ వార్షికాదాయ పరిమితి 2.5 లక్షలు, ఎస్టీలకు కేంద్రం 75 శాతం, ఎస్సీలకు 60 శాతం భరిస్తుంది. దీనితో పాటు రెండు రాష్ట్రాల్లోనూ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. మీరు ఎంచుకున్న కోర్సు, కళాశాల ఆ జాబితాలో ఉన్నాయో లేదో చేరకముందే చూసుకోవాలి. బకాయిలు ఆలస్యమవడం, కళాశాల ఫీజు కోసం సర్టిఫికెట్లు ఆపడం అందరికీ తెలిసిన సంగతే కాబట్టి, ట్రస్టు ఇక్కడ చేయగల మంచి పని ఫీజును శాశ్వతంగా భరించడం కాదు, ప్రభుత్వ డబ్బు వచ్చేదాకా సర్దుబాటు చేయడం. ప్రభుత్వం విడుదల చేసిన మొత్తం తిరిగి ట్రస్టుకు చేరుతుందని కళాశాలతోనూ కుటుంబంతోనూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ డబ్బు మరో విద్యార్థినికి తిరుగుతుంది.

కంపెనీల నిధుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం అనే మూడింటిలో ఏ ఒక్కటి దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టమే చెబుతుంది. అందువల్ల హైదరాబాద్‌లోని పెద్ద పేర్ల వెంటపడే ముందు మీ జిల్లాలో గని, విద్యుత్ కేంద్రం, సిమెంటు లేదా కాగితపు కర్మాగారం ఎవరిదో చూడండి. డబ్బు తీసుకునే సంస్థకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ నమోదులు, కనీసం మూడేళ్ల పని అనుభవం, 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర చేయించే సీఎస్‌ఆర్-1 నమోదు ఉండాలి. నిన్నగాక మొన్న పెట్టిన ఊరి సంఘానికి ఇవి ఉండవు. అలాంటివారు ఈ అర్హతలున్న పాత ట్రస్టుతో కలిసి దరఖాస్తు చేయడమే సరైన దారి.

దరఖాస్తులో తప్పక అడగవలసిన మాట ఒకటుంది: 'కొనసాగే ప్రాజెక్టు'. నిబంధనల ప్రకారం అటువంటి ప్రాజెక్టు మొదలైన ఆర్థిక సంవత్సరాన్ని మినహాయించి మరో మూడేళ్ల దాకా నడవవచ్చు, ఖర్చుకాని డబ్బును కంపెనీ ప్రత్యేక ఖాతాలో వేసి ఉంచవచ్చు. మూడేళ్ల జీఎన్‌ఎంతో పాటు ఉద్యోగం కోసం ఎదురుచూసే నెలలు కూడా చాలావరకు ఇందులో ఇముడుతాయి. ఒక్క ఏడాది గ్రాంటుగా రాయించుకుంటే రెండో ఏడాది మార్చిలో మళ్లీ తలుపులు తట్టాలి, ఈలోగా పిల్లలు హాస్టల్లో ఉంటారు. మరో సంగతి: కంపెనీ సాధారణ పరిపాలన ఖర్చుకు 5 శాతం పరిమితి ఉన్నా, ప్రాజెక్టును నడిపించి పర్యవేక్షించే ఖర్చు అందులోకి రాదు. విద్యార్థినులను నెలకోసారి చూసివచ్చే మార్గదర్శకురాలి జీతాన్ని భయపడి దాచకుండా ప్రాజెక్టు ఖర్చుగానే చూపండి.

గనులున్న జిల్లాల్లో మరొక వనరు జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు. 2015 చట్ట సవరణతో వచ్చిన ఈ నిధికి లీజుదారులు, పాత లీజులైతే రాయల్టీలో 30 శాతానికి, వేలంలో వచ్చిన కొత్త లీజులైతే 10 శాతానికి సమానమైన మొత్తం చెల్లిస్తారు. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఇందులో కనీసం 70 శాతం వైద్యం, విద్య, నైపుణ్య శిక్షణ, తాగునీరు వంటి అధిక ప్రాధాన్య రంగాలకే వెళ్లాలి. ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలోని జిల్లాలు ఈ నిధులతో వైద్యులకు, నర్సులకు జీతాలిచ్చి నియమించుకున్నాయి. మన దగ్గర ఈ డబ్బు అడిగితే రోడ్డు, ప్రహరీ గోడ, భవనం అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. అందుకే గని ప్రభావిత గ్రామాల గ్రామసభ తీర్మానాలు చేతిలో పెట్టుకుని, జీతాల రూపంలోనే ఖర్చు చేయాలని స్పష్టంగా అడగాలి.

విదేశాల్లోని తెలుగువారి విరాళాల విషయంలో తరచుగా జరిగే పొరపాటు చట్టపరంగా చిక్కులు తెస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపే విరాళం విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన బంధువు పంపితే, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. ఆ నమోదుకు సంస్థ పెట్టి మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో సేవా కార్యక్రమాలకు కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. నమోదు ఉన్న సంస్థ సైతం ఆ డబ్బును స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతాలోనే తీసుకోవాలి, పరిపాలనకు 20 శాతం మించి వాడకూడదు, 2020 సవరణ తర్వాత మరో సంస్థకు బదిలీ చేయకూడదు. కాబట్టి రశీదు రాసేముందు దాత పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. అడగడానికి మొహమాటపడేవాళ్లు ఉన్నారు, ఆ మొహమాటం ఖరీదైనది. దేశంలోని దాతలకు 80జీ రాయితీ గురించి చెప్పేటప్పుడు కూడా ఒక మాట కలపాలి: కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపు వర్తించదు, 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఎవరికీ వర్తించదు.

ఒప్పందం రాయడం

డబ్బు ఇచ్చినవారు బాండు రాయించుకోవాలనుకోవడం సహజం. అయితే చట్టం ఎంతవరకు అండగా ఉంటుందో తెలుసుకుని రాయించాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారు చేసిన ఒప్పందం చెల్లదు, నర్సింగ్‌లో మాత్రం 17 ఏళ్లకే చేరవచ్చు; అటువంటి సందర్భంలో మేజరయ్యాక కొత్తగా సంతకం తీసుకోవాలి. ఒక మనిషి చేత బలవంతంగా ఉద్యోగం చేయించమని ఏ న్యాయస్థానమూ ఆదేశించదు; నష్టపరిహారం కూడా ఒప్పంద చట్టం 74వ సెక్షన్ ప్రకారం సమంజసమైనంత వరకే వస్తుంది. అయిదు లక్షలు ఖర్చుపెట్టి ఇరవై లక్షల జరిమానా రాయించుకుంటే ఆ కాగితం ఆడపిల్లను భయపెట్టడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం అసలు చేయకూడని పని.

ఒప్పందంలోని ప్రధాన వాక్యాలు తెలుగులో, ఆమెకూ ఇంట్లోవారికీ చదివి వినిపించదగ్గట్టు ఉండాలి. ఇలా రాయవచ్చు: "కోర్సు పూర్తయి కౌన్సిల్ నమోదు వచ్చిన తర్వాత, ఈ మండలంలో నాకు పోస్టు చూపిన నాటి నుంచి, సాయం పొందిన ప్రతి ఏడాదికి ఒక ఏడాది చొప్పున పనిచేస్తాను. పన్నెండు నెలల్లో పోస్టు చూపకపోతే ఈ బాధ్యత నాకు ఉండదు. మధ్యలో మానుకుంటే, పనిచేయని కాలానికి తగిన మొత్తాన్ని వడ్డీ లేకుండా 36 నెలవారీ వాయిదాల్లో చెల్లిస్తాను. ప్రసూతి, తీవ్ర అనారోగ్యం వల్ల పనిచేయలేని కాలానికి జరిమానా ఉండదు." రెండో వాక్యమే ఇందులో కీలకం, ఎందుకంటే అది దాతను కూడా కట్టిపడేస్తుంది.

నియామకం దాకా చేయి వదలకూడదు

పరీక్ష ఫలితాలు వచ్చిన వారంలోనే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నమోదుకు దరఖాస్తు చేయించాలి. అది లేనిదే ఏ నోటిఫికేషన్‌కూ అర్హత ఉండదు. అంతకంటే ముందే ఒక ఫైలు సిద్ధం చేయించండి. స్థానికత నిరూపించడానికి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు నుంచి పదో తరగతి వరకు, తెలంగాణలో ఒకటి నుంచి ఏడో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఆశ్రమ పాఠశాలల్లో రెండు మూడు మండలాలు తిరిగి చదివిన పిల్లలకు ఇవి సేకరించడమే పెద్ద పని, నోటిఫికేషన్ గడువులో అది సాధ్యం కాదు. కోర్సు రెండో ఏడాది వేసవి సెలవుల్లో పూర్తిచేయించడం మేలు. కులధ్రువీకరణ పత్రం విషయమూ అంతే.

ఎంపికలో మార్కుల పద్ధతిని అభ్యర్థికి మొదటి రోజే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవలి సంవత్సరాల జిల్లా కాంట్రాక్టు నోటిఫికేషన్లలో వందకు 75 మార్కులు కోర్సులో వచ్చిన మార్కులకే ఇచ్చారు. కోర్సు పూర్తయ్యాక గడిచిన ఏడాదికి ఒకటి చొప్పున 10 వరకు, ప్రభుత్వంలో చేసిన కాంట్రాక్టు సేవకు 15 వరకు కలిపారు. ఈ సేవ మార్కులు గిరిజన ప్రాంతంలో ప్రతి ఆరు నెలలకు 2.5, గ్రామీణ ప్రాంతంలో 2, పట్టణంలో 1. తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు ఏఎన్‌ఎం స్థాయి పోస్టులకు రాతపరీక్షకు 80, సేవకు 20 పాయింట్లు పెట్టింది. మొదటి ఏడాది ట్యూషన్‌కు పెట్టిన డబ్బు ఆంధ్రప్రదేశ్‌లో నేరుగా పోస్టుగా మారుతుందనీ, తెలంగాణలో పరీక్ష శిక్షణకు విడిగా కొంత కేటాయించాలనీ దీన్నిబట్టి అర్థమవుతుంది. ప్రతి నోటిఫికేషన్‌నూ కొత్తగా చదవాలి, నిబంధనలు మారుతుంటాయి. ఏజెన్సీలో పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే వస్తాయని ఎవరికీ మాట ఇవ్వకండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులకు ఉన్న నూరు శాతం రిజర్వేషన్‌ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది.

ఎదురుచూసే నెలల్లో ఆమెను ఇంట్లో కూర్చోబెడితే చేతిపని మరిచిపోతుంది, పట్నం ఆసుపత్రి నుంచి పిలుపు వస్తే వెళ్లిపోతుంది. జిల్లా వైద్యాధికారితో రాతపూర్వక ఒప్పందం చేసుకుని, ట్రస్టు గౌరవ వేతనంతో దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, గర్భిణుల వసతి గృహంలో గాని పనిచేయించవచ్చు. ఆ ఒప్పందంలో ఆమె ఎవరి పర్యవేక్షణలో ఉంటుంది, ఏ పనులు చేయవచ్చు, ఏవి చేయకూడదు, ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది అన్నవి ఉండాలి. ఈ కాలానికి ప్రభుత్వ సేవ మార్కులు రావన్న సంగతి మాత్రం ఆమెకు ముందే చెప్పాలి. జీతం మూడు నెలలకోసారి కాకుండా నెలనెలా ఆమె బ్యాంకు ఖాతాలోనే పడాలి.

చేరిన తర్వాత మొదటి రెండేళ్లు

పోస్టు వచ్చింది కదా అని ఖాతా మూసేయకూడదు. కొత్తగా చేరిన కాంట్రాక్టు ఉద్యోగికి మొదటి జీతం రావడానికి నెలలు పట్టవచ్చు, ఆ కాలానికి వడ్డీ లేని సర్దుబాటు ఇవ్వాలి. ఉపకేంద్రంలో ఉండడానికి గది లేకపోతే అద్దె, గది ఉండి మరుగుదొడ్డి లేకపోతే దాని మరమ్మతు, సోలార్ దీపం, తలుపుకు గట్టి గడియ వంటివాటికి పెట్టే కొద్దిపాటి డబ్బు, రాత్రిపూట ఆమె అక్కడ ఉంటుందా, సాయంత్రం బస్సుకు మండల కేంద్రానికి వెళ్లిపోతుందా అన్నదాన్ని నిర్ణయిస్తుంది. స్కూటర్ కొనుక్కోవడానికి చిన్న రుణం, నడపడం నేర్పించడం కూడా ఈ పద్దులోనే వేసుకోవచ్చు. ఒప్పంద కాలం పూర్తిచేసిన ఏఎన్‌ఎంకు జీఎన్‌ఎం, జీఎన్‌ఎంకు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివిస్తామని ముందే చెప్పండి; జరిమానా భయం కంటే ఈ ఆశ మనిషిని ఎక్కువ కాలం నిలుపుతుంది.

లెక్కలు విద్యార్థిని వారీగా రాయాలి: ఎవరి మీద ఏ నెల ఎంత ఖర్చయింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎంత వెనక్కి వచ్చింది, ఇప్పుడు ఆమె ఏ కేంద్రంలో పనిచేస్తోంది. దాతలకు ఏటా పంపే నివేదికలో మధ్యలో మానుకున్నవారి సంఖ్యను, కారణాన్ని కూడా రాయాలి. కంపెనీలు ఆ ఒక్క వరుసనే మొదట చదువుతాయి, అది లేని నివేదికను నమ్మవు. మానుకున్నవారి నుంచి వాయిదాలుగా తిరిగి వచ్చే డబ్బును సాధారణ ఖాతాలో కలపకుండా, అదే మండలం నుంచి తర్వాత ఎంపికయ్యే విద్యార్థిని హాస్టల్ ఖర్చుకు విడిగా ఉంచాలి.